చార్జి తీసుకున్నవారి పేరు

ఒక మనిషి చేత రెండు చిన్న వాక్యాలు రాయించడానికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది. సరిగ్గా లెక్కేస్తే ముప్పై తొమ్మిదేళ్ళకు ఇరవై మూడు రోజులు తక్కువ. ఆ రోజుల్లో ఒక్కదాన్ని కూడా నేను ఆయనకు క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు. ఇది రాస్తున్నది క్షమించానని చెప్పుకోవడానికి కాదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఆయనకు భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం, సెక్టర్ 4లో క్వార్టరు. నేను భిలాయిలోనే ఒక ప్రైవేటు ఇంజనీరింగు కంపెనీలో, కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. ఆ కంపెనీ మూతపడి చాలా కాలమైంది. మా యార్డులో ఏ వ్యాగను ఏ లైను మీద ఎన్ని రోజులుగా నిలబడి ఉందో ఎవరికీ ఠక్కున తెలిసేది కాదు. ఒక మనిషి చేతిలో అట్ట పట్టుకుని, పట్టాల వెంట నడిచి రాసుకొచ్చేవాడు. అతను చివరి లైనుకు చేరేసరికి మొదటి లైనులో వ్యాగన్లు కదిలిపోయేవి. ఆ పనికి నేనొక ప్రోగ్రాము రాశాను. డెబ్బై ఒక్క పనిదినాలు, వెయ్యీ ఎనిమిదివందల నలభై వరుసలు.

ఆ రోజుల్లో మేము రాసే భాషలో ప్రోగ్రాము మొదట్లోనే ‘రచయిత’ అని ఒక వరుస ఉండేది. అక్కడ నా పేరు రాసుకున్నాను. సెప్టెంబరు 18, గురువారం, మధ్యాహ్నం మూడు ముప్పావుకు ప్రింటర్ నుంచి కాగితం చింపుతుంటే ఆ వరుసలో మా పెద్దసారు పేరు కనిపించింది. మర్నాడు హెడ్డాఫీసు నుంచి కమిటీ వస్తుందని ఆయన ఉదయమే టెర్మినల్ ముందు కూర్చుని మార్చారట.

నేను కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

“సార్, ఇక్కడ నా పేరుండాలి.”

ఆయన తల ఎత్తలేదు. “ఏటమ్మా, నీ పేరు చూస్తే వాళ్ళకేటి తెలుస్తాది? డిపార్ట్‌మెంటు నాది గాదా. ఎల్లు, ఎల్లి బైండింగ్ చేయించు.”

వెళ్ళి బైండింగ్ చేయించాను. ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోవాలని తోచలేదు. ఎనిమిది నెలలకు ఆయనకు పెద్ద పదవి వచ్చింది. వీడ్కోలు సభలో వ్యాగన్ల ప్రోగ్రాము గురించి పదకొండు నిమిషాలు మాట్లాడారు. తర్వాత కంపెనీ పోయింది, మిషన్లు తుక్కు కింద పోయాయి, టేపులు ఎటు పోయాయో తెలియదు. ఆ ప్రోగ్రాము నాదని చెప్పగల సాక్ష్యం ఈ లోకంలో ఒక్కటే మిగిలింది. అది ఆయన నోరు.

నేను అరవైలో ఉద్యోగం మానుకున్నాను. అరవై నాలుగో ఏట మళ్ళీ పనిలోకి వెళ్ళాను. సెక్టర్ 4లో మా ఎదురు క్వార్టరువాళ్ళ అబ్బాయి, ఇప్పుడు నలభై దాటిన మనిషి, భిలాయి-3 స్టేషనుకు దగ్గర్లో ఒక ఇనుప సామాన్ల దుకాణం మీద రెండు గదులు తీసుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. చిన్నప్పటినుంచీ నన్ను పిన్నీ అంటాడు. అతని ఖాతాదారులు మన ఆంధ్రా వాళ్ళ షెడ్లు. ఇనుప ప్లేట్లు కోసి, వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్ళు. ప్లేటు కోసే మిషనుకు ఒక ప్రోగ్రాము పెడతారు. దాన్ని ఉదయం ఒకరు మారుస్తారు, మధ్యాహ్నం ఇంకొకరు మారుస్తారు. సాయంత్రానికి ప్లేటు తప్పుగా తెగుతుంది. ఎవరు మార్చారంటే ఎవరూ మార్చలేదు. అందుకని ప్రతి మార్పునూ దాచి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించి, కావాలంటే పాతదాన్ని తిరిగి ఇచ్చే సిస్టం తయారు చేస్తున్నాడు. షెడ్డులోని మిషన్లూ ఫోన్లూ ఇంటర్నెట్ మీద మా సర్వర్‌ను ప్రశ్నలడుగుతాయి. సర్వర్ జవాబు చెబుతుంది. ‘ఈ ఖాతా ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఏ జవాబు వెళ్ళాలో తేల్చే పని నాకు అప్పగించాడు.

“చిన్న పనే పిన్నీ. యూజర్లు. రెండు రోజుల్లో హో జాయేగా.”

నాకు నాలుగు నెలల తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి రోజే అతను రాసుకున్న కాగితం చూసి పక్కన పెట్టేశాను. ప్రతి షెడ్డుకూ డిజైన్-1, డిజైన్-2, మిషన్-1 అని ఖాతాలట. ఎవరు ఆ కుర్చీలో కూర్చుంటే వాళ్ళు ఆ ఖాతా వాడుకుంటారట.

“మనిషి మానేస్తే?”

“కొత్తోడు అదే లాగిన్ తీసుకుంటాడు. సింపుల్.”

“మేము సెక్టర్ 4 క్వార్టర్లోకి వచ్చినప్పుడు మాకు ముందు అందులో ఎవరుండేవాళ్ళో తెలుసా?”

“హల్వా దీదీ గదా. మా అమ్మ చెప్పీది.”

“ఆవిడ పేరున పదకొండేళ్ళు మాకు ఉత్తరాలొచ్చాయి. ప్రతి జనవరి ఒకటిన సడక్‌లోని ఇళ్ళన్నిటి పిల్లలూ గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి దీదీ హల్వా అనేవాళ్ళు. అందులో నువ్వూ ఉన్నావు. నాకు హల్వా చేయడం రాదు. క్వార్టరు నంబరు పట్టుకుని మనిషిని గుర్తుపడితే ఇలాగే ఉంటుంది.”

అతను నవ్వి కాగితం చింపేశాడు. ఈ ఊళ్ళో పెరిగిన ఎవరైనా మొదట ఆ తప్పే చేస్తారు. మాకందరికీ మనిషంటే సెక్టరు, సడక్, క్వార్టరు. మనిషి బదిలీ అవుతాడు, క్వార్టరు కదలదు. అందుకని కదలనిదాన్నే గుర్తుగా పెట్టుకుంటాం.

నేను రాసిన పద్ధతిలో ఖాతా మనిషిది. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. అది అతను వచ్చిన రోజు పుడుతుంది. అతను మానేసినా, చచ్చిపోయినా ఇంకొకరికి వెళ్ళదు. లాగిన్ పేరు మార్చుకోవచ్చు. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల మార్చుకుంటుంది, పేరు కలిసిరాలేదని అంకెలు చూపించుకున్నవాడు మార్చుకుంటాడు. వెనకాల సంఖ్య మారదు. ఫోను నంబరు, ఈమెయిలు తనకూ షెడ్డు యజమానికీ మాత్రమే కనిపించాలి, పరాయివాళ్ళు అడిగితే సంఖ్యా పేరూ ఇచ్చి ఊరుకోవాలి. ఖాతా మూస్తే మూసినట్టు కనిపిస్తుంది గాని తుడిచిపెట్టడం ఉండదు. ఇక ముఖ్యమైనది. రాసినవారు వేరు, మిషనులోకి ఎక్కించినవారు వేరు. ఒక్కో మార్పు మీద రెండు పేర్లకూ రెండు చోట్లు. రెండూ ఒకరే కావచ్చు. కాకపోతే కాలేదని కనపడాలి. రాసినవారి చోటును మార్చే దారి సర్వర్‌లో ఎక్కడా లేదు. యజమానికి లేదు. నాకూ లేదు.

“ఇంత లంబా ఎందుకు పిన్నీ?” అన్నాడతను, ఇరవై ఆరు పేజీలు చూసి.

“చదువు” అన్నాను. చదివాడు. అతనిలో ఆ గుణం ఉంది.

ఏప్రిల్‌లో సలహాదారు ఒకరు వస్తారని చెప్పాడు. పెద్ద మనిషి, షెడ్లవాళ్ళలో పలుకుబడి ఉంది, ఆయన మాట మీద పదిమంది ఖాతాదారులు చేరతారు అన్నాడు. మెట్ల మీద దగ్గు వినబడింది. ఆ దగ్గు నేను ముప్పై తొమ్మిదేళ్ళుగా మరచిపోలేదు.

“అరే, నువ్వా!” అన్నారు పెద్దసారు నన్ను చూసి. జుట్టు తెల్లబడింది, ఒళ్ళు తగ్గింది, గొంతు అలాగే ఉంది. “ఎలాగున్నావమ్మా? ఇంకా ఉజ్జోగాలు చేస్తన్నావేటి?”

“తమరూ చేస్తున్నారు కదా సార్.”

“నాదేటుంది, సలహా.”

నా ఇరవై ఆరు పేజీలు ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజుల తర్వాత తెచ్చారు. పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టారు. నాలుగో పేజీ వరకే ఉన్నాయి. ఐదో పేజీ నుంచి కాగితం కొత్తగానే ఉంది. అయినా ఆయన దగ్గరొక సలహా ఉంది.

“అన్నీ బాగున్నాయి. ఒకటే లేదు. ఒకడు మానీసి పోయినాడనుకో. ఆడు చేసిన పనంతా పైవోడి పేరు మీదకి రావాల. లేకపోతే పోయినోడి పేర్లేసుకుని మనం ఊరేగాలేటి?”

నేను ఆయన ముఖం చూశాను. అందులో దొంగతనం లేదు. నిజంగానే లోకం అలా నడుస్తుందని ఆయన నమ్మకం. అప్పుడే నాకు తెలిసింది, ఈ మనిషి నా పేరు మళ్ళీ తీసేస్తాడని. ఎప్పుడన్నదొక్కటే తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

“మానెయ్ ఆ పని” అన్నారాయన.

“మానను. ఈసారి నా ఇంట్లోకి వచ్చి తీయాలి ఆయన.”

మా యజమాని, అదే నన్ను పిన్నీ అనే అబ్బాయి, ఆ సలహాను కొట్టిపారేయలేకపోయాడు. మనిషి మానేస్తే అతని బాధ్యతలు ఎవరో ఒకరు తీసుకోవాలి కదా అన్నాడు. అదీ నిజమే. దానికి ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన మాట ఉంది. చార్జి. రిటైరయ్యేవాడు బీరువా తాళాలు, ఫైళ్ళు, రబ్బరు స్టాంపు లెక్కపెట్టి అప్పగిస్తాడు. తీసుకునేవాడు సంతకం పెడతాడు. ‘చార్జి ఇచ్చేశారా’ అని అడిగాకే దండ వేస్తారు. సిస్టంలో కూడా ‘చార్జి తీసుకొనుట’ అని ఒక మీట పెడదామన్నాడు. సరేనన్నాను. నేనే రాశాను, పదిహేడో పేజీ మూడో పేరాలో. మనిషి మానేసినా, సెలవులో ఉన్నా, పూర్తి అధికారం ఉన్నవారు ఎవరైనా ఆ మీట నొక్కవచ్చు. చార్జి తీసుకుంటే తాళాలు వస్తాయి. చూడవలసిన మార్పులు, ఇవ్వవలసిన అనుమతులు, తీర్చవలసిన ఫిర్యాదులు వస్తాయి. రాసినవారి పేరు రాదు. పైగా ఆ మనిషి రాసిన ప్రతిదాని నెత్తినా ఒక వరుస పడుతుంది, ఎవరి దగ్గర ఎవరు ఎప్పుడు చార్జి తీసుకున్నారో. అందరికీ కనిపిస్తుంది, చెరగదు. తిరిగి ఇచ్చేయవచ్చు. అప్పుడు దాని కింద ఇంకో వరుస పడుతుంది, అసలు మనిషి ఒప్పుకుని తీసుకుంటే.

దీన్ని వల అంటే అనండి. నేను గొయ్యి తవ్వలేదు. గొయ్యి ఉన్నచోట తెలుగులో బోర్డు పెట్టాను. కొత్త ప్రతి ఆయనకూ ఇచ్చాను, ఈసారి కూడా నాలుగో పేజీ దాటి చదవలేదు.

తర్వాత చేసింది మాత్రం కావాలనే చేశాను. మేము రాసేదంతా మా సిస్టంలోనే దాచేవాళ్ళం. వండినవాళ్ళు తినకపోతే ఎలా. అందులో సలహాదారుకు చూసే అధికారం మాత్రమే ఉండేది. ఆయనకు పూర్తి అధికారం ఇమ్మని యజమానితో చెప్పాను.

“ఆయనకెందుకు పిన్నీ?”

“పెద్దవాళ్ళు. చూసే అధికారం మాత్రం ఇస్తే చిన్నబుచ్చుకుంటారు.”

జూలై 28, సోమవారం నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్. పది రోజులు సెలవు పెట్టాను. ఆఫీసులో అందరి ముందూ చెప్పాను, పది రోజులు స్క్రీను ముట్టుకోనని. మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి ఆయన నా ఖాతా చార్జి తీసుకున్నారు. ఒక్క రోజు కూడా ఆగలేదు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని పడుకున్న నాకు మా యజమాని ఫోను చేశాడు.

“పిన్నీ, సార్ నీ చార్జి తీసేసుకున్నారు! నేను మాట్లాడతాను, కాన్సిల్ కర్ దేతా...”

“ఏమీ మాట్లాడకు. షెడ్లవాళ్ళకు సిస్టం చూపించే సభ ఎప్పుడు?”

“తొమ్మిదో తారీఖు, శనివారం.”

“సార్ చేతే చూపించు. ఆయన మాట్లాడతారు బాగా.”

అటునుంచి కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత మెల్లగా అన్నాడు. “పిన్నీ, పేజీ సత్రా?”

“పేజీ పదిహేడు” అన్నాను.

సభకు ఇరవై ముగ్గురు షెడ్డు యజమానులు వచ్చారు. నేను నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాను. ఆయనకు నేను కనిపించలేదో, కనిపించినా లెక్కలేదో తెలియదు. తెల్లచొక్కా వేసుకుని, మైకు పుచ్చుకుని, భిలాయికి వచ్చిన కొత్తల్లో ఎంత కష్టపడ్డారో పదిహేను నిమిషాలు చెప్పారు. తర్వాత అన్నారు.

“ఇందులో అన్నిటికన్నా కష్టమైంది యూజర్ల భాగం. ఎవరు ఎవరన్నది తేల్చడం. అది నేను కూసుని దగ్గరుండి డిజైన్ చేసినాను. చూడండి, మా సొంత పనినే తెరిసి చూపిస్తాను.”

తెరిచారు. గోడ మీద తెల్లగుడ్డ నిండా పేజీ పరుచుకుంది. నూట పన్నెండు వెర్షన్లు. ప్రతి వరుసలో రాసినవారు అన్నచోట నా పేరు. నూట పన్నెండుసార్లు. అన్నిటికీ పైన పసుపు పట్టీలో ఆయన పేరు ఒకే ఒక్కసారి. జూలై 29, ఉదయం 11.20, చార్జి తీసుకున్నవారు.

ఆయన గోడ వైపు చూడలేదు. జనం వైపు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. మరోదా వైపు షెడ్డున్న ఒకాయన, శ్రీకాకుళం మనిషి, ముందు వరసలోంచి చెయ్యెత్తాడు.

“సార్, ఓ మాట. ఇక్కడ రాసినోరు ఇవరో ఆడమనిషి పేరుంది. కిందనుంచి మీదదాకా ఆవిడే ఉన్నాది. మరి ఇందల తవరిదేటుంది?”

ఆయన వెనక్కి తిరిగి చూశారు.

“ఉందిలే మాఁవా” అన్నాడు పక్కనున్నవాడు. “పైన చూడు. సారు తాళాలు తీసుకున్నారు.”

హాలు మొత్తం ఘొల్లుమంది. ఎవరో హిందీలో “వంట దీదీది, గరిటె సాబుది” అన్నారు. మళ్ళీ నవ్వు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంత దూరం నుంచి కూడా నా కొత్త కంటికి ఆ ఎరుపు స్పష్టంగా కనిపించింది.

“సిస్టంలో తప్పుంది” అన్నారాయన మైకులో. “పేర్లు సరిగా మారలేదు.”

నేను లేచి నిలబడ్డాను. “తప్పు లేదు సార్. పదిహేడో పేజీ, మూడో పేరా.”

అందరూ వెనక్కి తిరిగారు. ‘ఆవిడేనా?’ ‘ఆవిడే.’ ఆ సాయంత్రం పద్నాలుగు షెడ్లు చేరాయి. ఆ పద్నాలుగు షెడ్లలోనూ ఆయనకు చార్జిసారని పేరు పడింది. అది నేను పెట్టలేదు.

సోమవారం ఉదయం పది గంటలకు ఆయన మా ఇంటికి వచ్చారు. మా ఆయన తలుపు తీసి, నాకు వినపడేలా అన్నారు. “రండి సార్. ఏటి, మా ఇంటి చార్జి కూడా తీసుకోడానికొచ్చారేటి? సంతోషం. ముందు కరెంటు మోటారు చూడండి, నీళ్ళెక్కడం లేదు.”

ఆయన నవ్వలేదు. టీ ముట్టలేదు. “అమ్మా, ఆ పసుపు పట్టీ తీసీయి. షెడ్లకెళితే నవ్వుతన్నారు. నిన్న గుడికాడ కూడా ఒకడు అన్నాడు.”

“తీసే దారి లేదు సార్. చార్జి తిరిగి ఇచ్చేస్తే కింద ఇంకో వరుస పడుతుంది, తిరిగి ఇచ్చారని. కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ అది నేను ఒప్పుకుని తీసుకుంటేనే.”

“తీసుకో మరి.”

“వ్యాగన్ల ప్రోగ్రాము ఎవరు రాశారో మీరు మీ ఖాతాలోంచి రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. అప్పుడు తీసుకుంటాను.”

ఆయన నన్ను చూశారు. “ఏ వ్యాగన్లు?”

నటిస్తున్నారనుకున్నాను. “సెప్టెంబరు పద్దెనిమిది, గురువారం. మర్నాడు కమిటీ. రచయిత వరుసలో నా పేరు తీసి మీ పేరు పెట్టారు.”

“నీ పేరా? నేనా?” ఆయన నుదురు ముడిపడింది. నిజంగా వెతుక్కుంటున్నారు. “కమిటీలు చానా వచ్చీవి. వ్యాగన్లది... అది మన డిపార్ట్‌మెంటుది గాదా?”

ఆయనకు గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఆయన ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు, నన్ను తలుచుకుని తల దించుకుని ఉంటాడని నా ఊహ. అదే నాకు మిగిలిన ఆస్తి. ఆయన నా పేరు తీసిన ఆ సాయంత్రమే ఆ సంగతిని బల్ల మీద వదిలేసి ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాడు. నేను పదిహేను ఊపిర్లు లెక్కపెట్టుకున్నాను. అంతకుముందు నాకున్నది కోపం. ఆ క్షణం నుంచి ఉన్నదానికి వేరే పేరు వెతకాలి.

గుర్తు చేశాను. పట్టాల వెంట అట్ట పట్టుకుని నడిచే మనిషిని గుర్తు చేశాను. ప్రింటరు గదిలో కారే పైకప్పును, కమిటీకి తెప్పించిన జీడిపప్పు పకోడీని, బైండింగ్ చేయించమని ఆయన అన్న మాటను ఆయన గొంతుతోనే గుర్తు చేశాను. పకోడీ దగ్గర ఆయన కళ్ళు కదిలాయి.

“ఆఁ... అదా” అన్నారు. “అప్పుడలాగే ఉండీదమ్మా. నా పై ఆయన నావి తీసుకున్నాడు.”

“ఆయన మీద మీరు పగ తీర్చుకోండి. నా వరకు నాది రాయండి.”

బుధవారం రాశారు. ‘వ్యాగన్ల ప్రోగ్రాము తయారీలో ఆమె సహకారం మరువలేనిది.’ నేను వెనక్కి పంపాను. కింద రాశాను, ‘సహకారం కాదు. మరువలేనిది అన్నది కూడా అబద్ధం.’

పద్దెనిమిదిన రెండోది వచ్చింది. ‘వ్యాగన్ల ప్రోగ్రాము మా డిపార్ట్‌మెంటు రాసింది, అందులో ఆమె పాత్ర ముఖ్యం.’ వెనక్కి. ‘డిపార్ట్‌మెంటుకు చేతులుండవు.’

ఇరవై రెండున మూడోది. ‘వ్యాగన్ల ప్రోగ్రాము ఆమె రాసింది. పొరపాటున నా పేరు పడింది.’ మా యజమాని ఫోను చేశాడు. “పిన్నీ, అబ్ ఛోడో. డెబ్బై దాటిన మనిషి. రాసేశాడు కదా.”

“పడింది అంటున్నాడు. వానా అది, పడడానికి? ఎవరు పెట్టారో రాయమను.”

మా ఆయన కూడా ఆ రోజు నాతో సరిగా మాట్లాడలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ, ఇంకెన్నిసార్లు తిప్పుతావు ఆ ముసలాయన్ని, నీకు జాలి లేదా అన్నారు. నన్ను బైండింగుకు పంపినప్పుడు ఆయనకు ముప్పై నాలుగేళ్ళు, నా మీద జాలి చూపించడానికి ఆయనకు బోలెడంత వయసుండింది అన్నాను. మా ఆయన క్లిప్పుల డబ్బా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మిగిలిన బట్టలు నేనే ఆరేశాను.

ఆగస్టు 26, మంగళవారం నాలుగోది వచ్చింది. ‘వ్యాగన్ల ప్రోగ్రాము రాసింది ఆవిడ. పేరు తీసేసింది నేను.’ ఆవిడ అన్నచోట నా పూర్తి పేరు ఉంది, పుట్టింటి పేరుతో సహా. అది ఆయన ఎక్కడ కనుక్కున్నారో. నేను రెండుసార్లు చదివాను. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. వెంటనే నా చార్జి నేను తీసుకున్నాను. పసుపు పట్టీ కింద రెండో వరుస పడింది.

ఆ మధ్యాహ్నమే ఆయన ఫోను చేశారు.

“అయిందా అమ్మా? సరిగా ఉందా?”

“ఉంది సార్.”

“మరి ముందరి మూడూ తీసీయి. నాలుగోది ఉంది గదా. ఆ మూడూ పక్కనే కనబడతన్నాయి. షెడ్డుల్లో వరసగా చదువుకుని నవ్వుతన్నారట. సహకారం అంటాడట ఒకడు, పొరపాటు అంటాడట ఇంకొకడు.”

“వెర్షన్లు తీసే దారి లేదు సార్.”

“నువ్వే గదా రాసినావు. దారి పెట్టు.”

“పెట్టను.”

ఆయన దగ్గు వినబడింది. తర్వాత, అడగడానికి సిగ్గుపడుతున్న గొంతుతో అన్నారు.

“ఎన్నాళ్ళుంటాయమ్మా అవి?”

“సర్వరు ఉన్నన్నాళ్ళు సార్. కంగారు పడకండి, సర్వరు పోయినా పోవు. వారానికి రెండు కాపీలు నేనే తీయిస్తున్నాను.”